పాస్‌పుస్తకం అన్నయ్య పేరు మీదుంటే పొలం అన్నయ్యదేనా?

మొన్న సోమవారం పొద్దున్నే ఒకావిడ వచ్చింది. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. చేతిలో బట్టల కొట్టు కవరు, అందులో మడతల దగ్గర చిరిగిన 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ ఖాతా) నకలు, తండ్రి మరణ ధ్రువపత్రం. కుర్చీలో సగమే కూర్చుని, ‘మా అన్నయ్య పేరు మీదకి ఎక్కిపోయి ఇరవై ఏళ్లయింది బాబూ. పన్నెండేళ్లు దాటితే ఇంక నాకేం రాదంట కదా’ అంది.

‘ఎవరన్నారమ్మా?’

‘మీసేవ దగ్గర కుర్రాడు.’

లాయరుగా పంపకాల దావాలు చూడ్డం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. ఈ ‘అంట’ మింగేసినంత ఆస్తిని ఏ కోర్టూ మింగలేదు. అందుకే మిగతావి తర్వాత, ముందు దీని సంగతి.

పట్టాదారు పాస్‌పుస్తకం, 1బి, అడంగల్ రెవెన్యూ వాళ్ల లెక్కలు. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలి, పంట రుణం ఎవరికివ్వాలి అన్నంత వరకే వాటి పని. మ్యుటేషన్‌తో, అంటే ఆ లెక్కల్లో పేరు మార్చడంతో, హక్కు పుట్టదు, పోదు. సుప్రీంకోర్టు ఈ మాట ఎన్ని తీర్పుల్లో చెప్పిందో లెక్కలేదు. తండ్రి పోయాక పెద్దకొడుకు పేరు ఎక్కించుకోవడం మన ఊళ్లలో మామూలే. దానివల్ల చెల్లెలి వాటా ఆవిరైపోదు.

ఇక పన్నెండేళ్ల సంగతి. ఆ లెక్క బయటివాడు ఆక్రమించుకున్నప్పటిది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య ఒకరి స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క. అన్నయ్య ఒక్కడే దున్నుకున్నా, చట్టం దృష్టిలో చెల్లెలి తరఫున కూడా దున్నినట్టే. పి. లక్ష్మీరెడ్డి వర్సెస్ ఎల్. లక్ష్మీరెడ్డి కేసులో, 1957 నాటి రిపోర్టుల్లోనే, సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. ఒక వాటాదారుడి మీద ఇంకో వాటాదారుడు ప్రతికూల స్వాధీనం (ఇన్నేళ్లుగా నా చేతిలోనే ఉంది కాబట్టి నాదే అనే వాదన) చెప్పాలంటే, ‘నీకిందులో వాటా లేదు’ అని అవతలివాళ్లకు తెలిసేలా బాహాటంగా కాదని ఉండాలి. గడియారం తిరగడం అప్పుడు మొదలవుతుంది.

అలాగని ధీమాగా కూర్చోమని కాదు. వాటా అడుగుతూ నోటీసిచ్చి, ‘నీకేమీ లేదు పో’ అని రాతపూర్వకంగా జవాబొచ్చాక, పండగలకు కలుస్తున్నాం కదా అని పదిహేనేళ్లు ఊరుకున్నవాళ్లను చూశాను. వాళ్ల కేసుల్లో నాకూ చెమటలు పట్టాయి.

ఆవిణ్ని అడిగాను. అన్నయ్య ఎప్పుడైనా లేదన్నాడా? ‘అబ్బే, అలా ఎందుకంటాడు? ఏటా కోతలయ్యాక రెండు బస్తాల బియ్యం పంపుతాడు.’ ఆవిడ లెక్కలో అది పుట్టింటి ప్రేమ. నిజమే కావచ్చు. నా లెక్కలో అది సాక్ష్యం కూడా. భూమి ఫలసాయం అందుతోందంటే ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టే. దావా వేసేటప్పుడు కోర్టు ఫీజు దగ్గరా ఇదే పనికొస్తుంది. ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కొద్దిపాటి స్థిరమైన ఫీజుతో పోతుంది. స్వాధీనం తప్పించేశారని రాసుకుంటే మాత్రం వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి.

‘మా నాన్న 1994లోనే పోయారు, ఆడపిల్లల చట్టం 2005లో కదా వచ్చింది’ అంది మళ్లీ. ఈ గందరగోళానికి పత్రికలూ కొంత కారణం. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9న వచ్చిన సవరణ పిత్రార్జితం గురించి. పుట్టుకతో కొడుక్కున్న హక్కే కూతురికీ ఇచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికుండక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనైతే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ముందే వచ్చింది. తండ్రి స్వార్జితం సంగతి వేరు. ఆయన వీలునామా రాయకుండా పోతే కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. ఈవిడ తండ్రిది కొనుక్కున్న భూమి, రెండెకరాల నలభై సెంట్లు. తల్లి, అన్న, ఈవిడ తలా మూడోవంతు. తల్లి కూడా వీలునామా లేకుండా 2003లో పోయింది కాబట్టి తల్లి వాటా ఇద్దరికీ సగం సగం. అంటే ఈవిడకి మొత్తం ఎకరా ఇరవై సెంట్లు. కాగితం మీద రాసి చూపిస్తే అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదనే వాదన చట్టంలో ఎక్కడా లేదు. పసుపు కుంకుమ కింద పొలమే రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజులో ఏం రాశారో చూడాలి, అంతే.

‘వాటా వదులుకుంటూ డబ్బు తీసుకోకుండా సంతకం పెట్టాను కాబట్టి చెల్లదు’ అనేది దీనికంటే ప్రమాదం. సబ్‌రిజిస్ట్రారు ముందు హక్కు విడుదల పత్రం రాసిస్తే రూపాయి ముట్టకపోయినా చెల్లుతుంది. మోసం చేసి పెట్టించారంటే, ఆ సంగతి తెలిసిన మూడేళ్లలోపు కోర్టుకెళ్లాలి. మ్యుటేషన్ కోసం తహసీల్దారు దగ్గర ఇచ్చిన ‘అభ్యంతరం లేదు’ కాగితం రిజిస్టరు కాదు కాబట్టి దాంతో హక్కు పోదు. కానీ రేపు కోర్టులో దాన్నే మీ మీదకు తిప్పుతారు.

ఇది నాకు బాగా తెలుసు. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు మా తాతగారి ఇంటికి విడుదల పత్రం రాసింది నేనే. వేలిముద్ర వేస్తూ మా మేనత్త ‘ఏంట్రా ఇది?’ అని అడిగింది. ‘ఏం లేదత్తా, ఫార్మాలిటీ’ అన్నాను. అత్త ఆ తర్వాత ఏనాడూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు నా ఎదుట ఎవరైనా ఆ మాట వాడితే వాళ్లమీద కసురుకుంటాను.

మిగతావి గబగబా. ఒక్కరు ఒప్పుకోకపోతే పంపకం ఆగిపోదు, ఏ ఒక్క వాటాదారుడైనా దావా వేయొచ్చు. ముక్కలు చేయలేని ఇల్లయితే, సగం వాటాకి తక్కువ కాకుండా ఉన్నవాళ్లు అడిగితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మి డబ్బు పంచమని కోర్టు చెప్పగలదు. అప్పుడు మిగతావాళ్లు కోర్టు కట్టిన విలువకు ఆ వాటా కొనుక్కోవచ్చు. పాస్‌పుస్తకం చూసి ఒక్కడి దగ్గర మొత్తం పొలం కొన్నవాడికి ఆ ఒక్కడి వాటాయే వస్తుంది. ప్రాథమిక డిక్రీ రాగానే స్వీట్లు పంచేసి దాన్ని బీరువాలో పెట్టేవాళ్లున్నారు. అందులో ఎవరికెంతో మాత్రమే ఉంటుంది. ఏ గట్టు ఎవరిదో కోర్టు పంపిన కమిషనర్ వచ్చి కొలిచి, తుది డిక్రీ అయ్యాకే. రాజీ కుదిరితే లోక్‌ అదాలత్‌లో రాయించుకోండి. అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుంది.

ఆవిడ దావా వద్దంది. ముందు నోటీసు ఇద్దామన్నాను. డ్రాఫ్టు చదివి వినిపిస్తుంటే, ‘ఎదుటి పార్టీ’ అన్నచోట ఆపింది. ‘మా అన్నయ్య అని రాయండి బాబూ.’

రాశాను.