ఒడ్డుకీ పడవకీ మధ్య అడుగు దూరం

నెల్లూరు స్వర్ణాల చెరువుకైనా, తడ పక్కన పులికాట్ సరస్సుకైనా సెలవు రోజున ఇంటిల్లిపాదీ బయల్దేరితే పడవెక్కకుండా తిరిగి రారు. టికెట్లు తీసుకుంటారు, లైఫ్ జాకెట్లు తొడుక్కుంటారు, పిల్లలు ముందు పరిగెడతారు. ఒకరు మాత్రం ఒడ్డునే ఉండిపోతారు. "ఇక్కడే కూచో అవ్వా, పావుగంటలో వచ్చేస్తాం" అని చెప్పులు, బ్యాగులు ఆమె పక్కన పెట్టి వెళ్తారు. ఆమెకు మోకాళ్లు వంగవు. ఇంకో ఇంట్లో అవ్వకు బదులు పోలియో వచ్చిన బాబాయి ఉంటాడు. మరో ఇంట్లో బైక్ యాక్సిడెంట్‌లో వెన్ను దెబ్బతిన్న కొడుకు. ఎక్కలేనని పైకి చెప్పడం కష్టం. అందుకే "నాకు నీళ్లంటే భయం, మీరెళ్లి రండి" అనేస్తారు.

వాళ్లెందుకు ఆగిపోతున్నారో తెలియాలంటే పడవను కాసేపు పక్కనపెట్టి, పడవ ఎక్కే చోటును చూడాలి. పడవలు మారాయి, ఇంజన్లు వచ్చాయి, పైన షామియానాలు వచ్చాయి. ఎక్కే చోటు మాత్రం చాలా రేవుల్లో తాతలనాటిదే.

ముందు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల సంగతి. కదలిక తగ్గిన మనుషులు ఇక్కడ ఎక్కడో ఒకరిద్దరు ఉంటారనుకుంటే పొరపాటు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో వైద్యులు మొట్టమొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఫ్లోరైడ్ ఉన్న ఆ బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వెన్నెముక బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, మోకాళ్లు పట్టేస్తాయి, నలభై ఏళ్లకే నడుం వంగిపోతుంది. దీనికి పోలియోను కలపండి. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది కానీ, అంతకుముందు ఆ జబ్బు బారిన పడ్డవాళ్లు ఇప్పుడు మన మధ్య కుటుంబాలు నడుపుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లలను పార్కులకు తీసుకెళ్తున్నారు. వయసుతో వచ్చే మోకాళ్ల నొప్పులు సరేసరి. ఇంతమంది ఉన్న చోట పడవ రేవును పరిగెత్తగలిగిన వాళ్ల కోసమే కడితే ఎలా?

ఈ తీరంలో పడవ ఒకప్పుడు సరదా వస్తువు కాదు. పెదగంజాం నుంచి మద్రాసు దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగిన బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు, బియ్యం, కట్టెలు, మనుషులు అంతా పడవల్లోనే కదిలేవాళ్లు. 1806లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి పాకింది. 1876-78 నాటి పెద్ద కరువులో కూలి పనుల కింద మరికొంత తవ్వించి, అప్పటి గవర్నర్ బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. ఒడ్డు నుంచి పడవకు ఒక బల్ల వేసేవాళ్లు. మూటలు మోసే బల్ల మీదే మనుషులూ ఎక్కేవాళ్లు, నడవలేనివాళ్లను మోసి ఎక్కించేవాళ్లు. పదిమంది చేతులు ఎప్పుడూ అందుబాటులో ఉండే రోజులు కాబట్టి ఆ పద్ధతి నడిచింది. రోడ్డు, రైలు వచ్చాక కాలువ పడవలు పోయాయి. 2008లో ఆ కాలువను నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అయినా బల్ల వేసి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తే అలవాటు మాత్రం బోటింగ్ పాయింట్లకు అలాగే వచ్చేసింది.

ఆ ఎత్తడాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ఒకరు వెనక నుంచి చంకలు పట్టుకుంటారు, ఇంకొకరు మోకాళ్ల కింద చేతులు వేస్తారు. ఎక్కించేవాడి ఒక కాలు ఒడ్డు మీద, ఒక కాలు పడవ అంచు మీద ఉంటుంది. బరువు పడగానే పడవ ఒక జాన పక్కకు జరుగుతుంది. ఆ క్షణంలో ఎత్తబడే మనిషి ఒళ్లంతా బిగుసుకుపోతుంది. చీర కట్టుకున్న ఆడమనిషైతే భయానికి తోడు పదిమంది ముందు సిగ్గు. ఒకసారి అలా ఎక్కినవాళ్లు రెండోసారి అడగరు. పులికాట్ సంగతి ఇంకా కష్టం. ఆ సరస్సు సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. నీళ్లు తీసిన రోజుల్లో పడవ ఒడ్డుకు ఆనదు. బురదలో నాలుగడుగులు వేసి ఎక్కాలి. పక్షుల పండుగకు వేల మంది వచ్చే చోటది. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

ఇదే చిక్కు అమెరికా థీమ్ పార్కులకూ ఎదురైంది. అక్కడ దాన్ని విప్పడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. డిస్నీల్యాండ్ 1955లో తెరిచినప్పుడే జంగిల్ క్రూజ్ పడవలున్నాయి. 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్' అనే పడవ సవారీని 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసి, 1966లో డిస్నీల్యాండ్‌కు తెచ్చారు. గంటకు ఎంత ఎక్కువ మందిని తిప్పగలమన్నదే ఆ రోజుల్లో లెక్క. ప్లాట్‌ఫాం నుంచి ఒక మెట్టు కిందికి దిగి, వంగి, బెంచీ మీద కూర్చోవాలి. ఆ మెట్టు దిగలేనివాళ్లు ఒడ్డునే.

1990లో అక్కడ వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. వచ్చింది కానీ, సవారీ పడవకు ఎలాంటి ఏర్పాటు ఉండాలో అందులో కొలతలు లేవు. ఆ మార్గదర్శకాలు 2002లో వచ్చాయి. వాటిని కలుపుకున్న ప్రమాణాలు 2010లో వెలువడి, 2012 మార్చి 15 నుంచి తప్పనిసరి అయ్యాయి. వాటి ప్రకారం కొత్త సవారీ కడితే మూడింటిలో ఒకటి ఉండాలి: వీల్‌చైర్ అలాగే నిలిచే చోటు, లేదా వీల్‌చైర్‌లోంచి పక్కకు జరిగి కూర్చోగలిగే సీటు, లేదా అలా జరగడానికి సాయపడే పరికరం. సీటు ఎత్తు ఎక్కే నేల నుంచి 14 నుంచి 24 అంగుళాల మధ్య ఉండాలి. వీల్‌చైర్ సీటు ఎత్తు కూడా దాదాపు అంతే కాబట్టి మనిషి తన చేతుల బలంతో తానే జరగగలడు, ఎవరూ ఎత్తనక్కర్లేదు. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే. ఊరూరా తిరిగే సవారీలకు మాత్రం ఆ ప్రమాణాల్లోనూ మినహాయింపు ఉంది. మన ఎగ్జిబిషన్లలో ఊగే కొలంబస్ లాంటివి అక్కడా ఈ లెక్కలోకి రావు.

ఎక్కించడంతో పని అయిపోదని 2009లో తేలింది. డిస్నీల్యాండ్‌లో అదే స్మాల్ వరల్డ్ సవారీ మధ్యలో ఆగిపోయింది. మిగతావాళ్లను దింపి నడిపించుకెళ్లారు. వీల్‌చైర్‌లో ఉన్న ఒక వ్యక్తి మాత్రం అరగంట పాటు పాట మోగుతూనే ఉన్న ఆ గదిలో ఇరుక్కుపోయాడు. 2013లో కోర్టు ఆయనకు 8,000 డాలర్లు ఇప్పించింది. మధ్యలో ఆగితే ఎలా దింపాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం కూడా ఏర్పాటులో భాగమే.

నదులు, చెరువుల మీద నడిచే పడవల రేవులకూ ఆ ప్రమాణాల్లో ఒక అధ్యాయం ఉంది. మనకు పనికొచ్చేది అదే. వీల్‌చైర్ ర్యాంపు వాలు సాధారణంగా 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. కానీ నీటి మట్టం పెరిగీ తగ్గే చోట ఆ వాలు నిలవదు. అందుకని తేలే జెట్టీకి వెళ్లే వంతెన మొత్తం పొడవు కనీసం 80 అడుగులుంటే చాలన్నారు. మట్టం దిగినప్పుడు వాలు కాస్త పెరిగినా ఒప్పుకుంటారు. 78 టీఎంసీల సోమశిల, 68 టీఎంసీల కండలేరు జలాశయాలను గుర్తు చేసుకోండి. వానాకాలం చివర నిండుగా ఉన్న నీళ్లు మే నెలకు ఎంత కిందికి పోతాయో ఒడ్డున నిలబడితే తెలుస్తుంది. అక్కడ కాంక్రీటు మెట్లు కడితే ఏడాదిలో కొన్ని నెలలే పనికొస్తాయి, వీల్‌చైర్‌కు ఏ నెలా పనికిరావు. డ్రమ్ముల మీద తేలే జెట్టీ, దానికి కీలుతో బిగించిన పొడవాటి వంతెన ఉంటే నీళ్లతో పాటే రేవూ దిగుతుంది, లేస్తుంది. పడవ అంచుకూ జెట్టీకీ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ఇంకా ముందుకెళ్లినవాళ్లూ ఉన్నారు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ తన కూతురి కోసం మొదలుపెట్టి 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌ల్యాండ్‌లో ప్రతి సవారీ వీల్‌చైర్‌తోనే ఎక్కేలా ఉంటుంది. 2017లో దాని పక్కన వాటర్ పార్కు తెరిచారు. నీళ్లలో తడిసినా పాడవని, బ్యాటరీ బదులు గాలి ఒత్తిడితో నడిచే వీల్‌చైర్లు అక్కడ ఇస్తారు.

మన దగ్గర కథ వేరే దారి పట్టింది. ఇక్కడ పడవల నిబంధనల గురించి మాట్లాడుకున్నదంతా ప్రమాదాల తర్వాతే. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఒంగోలువాళ్లు, నెల్లూరువాళ్లు కూడా ఉన్నారు. పొద్దున్నే కలిసి నడిచే వాకింగ్ మిత్రులు కుటుంబాలతో కలిసి వెళ్లిన యాత్ర అది. ఆ పడవకు అనుమతి లేదు, జనం ఎక్కువ, లైఫ్ జాకెట్లు సరిపోను లేవు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ మునిగి దాదాపు 50 మంది పోయారు. తర్వాత తనిఖీలు పెరిగాయి, కంట్రోల్ రూములు వచ్చాయి. 2021లో అప్పటిదాకా ఉన్న 1917 నాటి చట్టాన్ని తీసేసి కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చారు. ఇవన్నీ కావలసినవే. అంత మంది పోయాక కఠినంగా ఉండకపోతే అది ద్రోహం.

కానీ ఆ భయం నుంచే ఇంకో అలవాటు పుట్టింది. వీల్‌చైర్ కనిపించగానే "రిస్క్ సార్, మాకు టెన్షన్, వద్దులెండి" అనేస్తున్నారు. పడవ నడిపే కుర్రాణ్ణి తప్పుపట్టలేం, ఏదైనా జరిగితే కేసు అతని మీదకే వస్తుంది. ఎలా ఎక్కించాలో అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సినవి చాలా ఉన్నాయి. చిన్న తెరిచిన పడవలో మనిషిని వీల్‌చైర్‌కు బెల్టుతో కట్టకూడదు, పడవ తిరగబడితే కుర్చీ అతన్ని కిందికి లాగేస్తుంది. సీటు మీదకు మార్చి, కుర్చీని ఒడ్డున ఉంచాలి. చప్పట అడుగున్న పెద్ద పడవైతే కుర్చీతోనే ఎక్కించి చక్రాలు కదలకుండా బిగించొచ్చు, మనిషి బెల్టు మాత్రం ఒక్క లాగుకు ఊడిరావాలి. కాళ్లలో పట్టులేనివాళ్లకు ముఖాన్ని నీటిపైకి తిప్పి ఉంచే రకం జాకెట్ ఇవ్వాలి. భద్రతంటే ఇదంతా. వద్దని చెప్పి పంపేయడం దీనికి బదులు కాదు.

చట్టం కూడా అదే చెబుతోంది. 2007లో భారత్ ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోని 30వ అధికరణం వినోదం, విహారం కూడా దివ్యాంగుల హక్కేనంది. 1995 నాటి పాత చట్టం తర్వాత 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది. వినోద కేంద్రాలు అందరికీ అందుబాటులో ఉండేలా చూడాలని 29వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. 3వ సెక్షన్ ప్రకారం వైకల్యం పేరుతో ఎవరినైనా వద్దంటే, సరైన లక్ష్యం కోసం, అవసరమైనంత మేరకే అలా చేశామని వద్దన్నవాళ్లే చూపించాలి. "రిస్క్" అన్న ఒక్క మాట అందుకు చాలదని నా అభిప్రాయం. అన్నీ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని కేంద్రం 2015లో మొదలుపెట్టిన సుగమ్య భారత్ ప్రచారం ప్రధానంగా భవనాలు, బస్సులు, రైళ్లు, వెబ్‌సైట్ల చుట్టూ తిరిగింది, రేవుల దాకా రాలేదు. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అసలు లోపాన్ని పట్టుకుంది. ఆ చట్టం కింద 2017లో చేసిన నియమాల్లోని 15వ నియమం సలహాలతో సరిపెట్టింది కాబట్టి అది చట్టానికే విరుద్ధమని, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది.

మన తీరంలో ఇది కుదురుతుందా అని అడిగేవాళ్లు చెన్నై మెరీనా చూసిరావచ్చు. 2022 నవంబర్ 27న అక్కడ ఇసుకలో 263 మీటర్ల చెక్క దారి తెరిచారు. రెండు వారాలు కాకముందే మాండూస్ తుఫానుకు దెబ్బతింది. బాగుచేసి మళ్లీ తెరిచారు. తుఫానుల తీరం మనదీ, వాళ్లదీ ఒకటే. నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో, ఒంగోలు దగ్గర కొత్తపట్నం బీచ్‌లో అలాంటిది వేస్తే ఏటా మరమ్మతుకు డబ్బు పక్కన పెట్టాలని ఆ అనుభవం చెబుతోంది.

ఏ చెరువులోనైనా కొత్త జెట్టీకి అంచనాలు వేస్తుంటే అడగాల్సిన సమయం అదే. కట్టాక మార్చడానికి అయ్యే ఖర్చు మొదటే కలుపుకుంటే అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు. అప్పటికే కట్టేసిన చోట కనీసం ఎత్తు సరిపోయే బెంచీ, పట్టుకోవడానికి కమ్మీ, ఎక్కించడం నేర్చిన ఇద్దరు మనుషులు ఉండాలని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజున రాసివ్వొచ్చు. అక్కడ పని జరక్కపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.