డాక్టర్ వేషం కట్టిన ఎలైజా

కంప్యూటర్‌తో కబుర్ల చరిత్ర ఎక్కువగా ఎలైజాతో మొదలుపెడతారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ 1964–66 మధ్య రాసిన ప్రోగ్రామ్ అది. ఐబీఎం 7094 యంత్రం మీద నడిచేది. నిజానికి ఎలైజా ఉత్త ఇంజనే; ఏ మాటకు ఏ జవాబో విడిగా ఇచ్చే స్క్రిప్టులో ఉండేది. వాటిలో పేరుకెక్కింది 'డాక్టర్', అంటే రోగి అన్నదాన్నే ప్రశ్నగా తిప్పి అడిగే మానసిక చికిత్సకుడి వేషం.

కిటుకంతా ఆ వేషంలోనే ఉంది. "పడవ షికారుకెళ్లాను" అంటే డాక్టరు "పడవల గురించి చెప్పండి" అన్నాడనుకోండి. ఆయనకు పడవంటే తెలియదని ఎవరూ అనుకోరు, ఏదో ఉద్దేశంతోనే అడిగాడనుకుంటారు. లోకజ్ఞానం బొత్తిగా లేని ప్రోగ్రామ్‌కు ఇంతకన్నా అనువైన పాత్ర ఏముంటుంది?

లోపల జరిగేది చాలా సులువు. ముందు కీలక పదాలు వెతుకుతుంది. ఒక్కోదానికి ఒక్కో ర్యాంకు: 'కంప్యూటర్'కు 50, 'నా'కు 2. రెండూ వస్తే 'కంప్యూటర్'దే పైచేయి. ఆపైన 'నేను'ను 'నువ్వు'గా, 'నా'ను 'నీ'గా మార్చి, మిగతా మాటలను సిద్ధంగా ఉన్న అచ్చులో పోస్తుంది. (ఇంగ్లీషు కాబట్టి ఈ మార్పిడితో చాలావరకు పని జరిగింది. తెలుగులో 'వెళ్లాను'ను 'వెళ్లావు' చేయాలంటే క్రియ చివర కూడా విప్పాలి.) 'నా' ఉన్న మాటలు కొన్ని దాచుకుని, కీలక పదం దొరకనప్పుడు బయటికి తీస్తుంది. అవీ లేకపోతే "ఇంకా చెప్పండి."

అసలు ప్రమాదం కామా దగ్గర. కీలక పదం దొరికాక కామా గానీ ఫుల్‌స్టాప్ గానీ వస్తే, ఆ తర్వాతదంతా కోసేస్తుంది. "నా ఉద్యోగం బాగుంది, రాత్రిళ్లు మాత్రం బతకాలనిపించదు" అని ఇంగ్లీషులో టైపు చేస్తే, "మీ ఉద్యోగం బాగుందని ఎందుకంటున్నారు?" అని రావచ్చు. చెప్పాల్సిన సగం కామాతోనే పోయింది. చెప్పుకున్నవాళ్లకు మాత్రం ఎదుటివాళ్లు శ్రద్ధగా వింటున్నట్టే ఉంటుంది.

వైజెన్‌బామ్ ఇందులో ఏదీ దాచలేదు. పనితీరుతో పాటు డాక్టర్ స్క్రిప్టును 1966 జనవరిలో అచ్చువేశారు. లోగుట్టు చూస్తే మాయ వీడుతుందని ఆయన అంచనా. వీడలేదు. నెలల తరబడి ఆయన పని చూస్తూ వచ్చిన కార్యదర్శే, దానితో కాసేపు మాట్లాడాక, ఆయన్ను గదిలోంచి బయటికి వెళ్లమన్నారు. ఆ ఏడాదే మానసిక వైద్యుడు కెన్నెత్ కోల్బీ, తన సహచరులతో కలిసి, ఇలాంటి వ్యవస్థ గంటకు కొన్ని వందల మంది రోగులను చూడగలదని రాశారు. 1972లో కోల్బీ అనుమానపు రోగిలా మాట్లాడే 'ప్యారీ' అనే ప్రోగ్రామ్‌ను కూడా తయారుచేశారు. దాన్నీ డాక్టర్‌నూ, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ ఆర్పానెట్ మీద, ఒకదానితో ఒకటి మాట్లాడించారు కూడా.

ఈ నమ్మకమే వైజెన్‌బామ్‌ను కలవరపెట్టింది. 1976లో వచ్చిన పుస్తకంలో ఆయన గీసిన గీత ఇది: లెక్కగట్టి నిర్ణయించేవి యంత్రానికి ఇవ్వొచ్చు; జడ్జి, మానసిక వైద్యుడు చేసే పనులు, యంత్రానికి చేతనైనా సరే, అప్పగించకూడదు. కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ ఆ పుస్తకాన్ని ఘాటుగా విమర్శించారు.