ఊయలకు డబ్బు ఎవరిచ్చారు?

పిల్లలూ,

"తాతయ్యా, బస్సుకి టికెట్ ఉంది, సినిమాకి టికెట్ ఉంది, పార్కుకి మాత్రం లేదు. మరి ఊయలలు ఎవరు కొన్నారు?" అని మీలో ఒకరు అడిగారు. పెద్దవాళ్లు కూడా అడగాల్సిన ప్రశ్న ఇది. అందుకే జవాబు మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

టికెట్ లేదంటే డబ్బు కట్టలేదని కాదు, ముందే కట్టేశారని. మీ అమ్మానాన్నలు కట్టే పన్నులో, మీరు కొనుక్కునే వస్తువు మీద పడే పన్నులో పిసరంత అక్కడికి చేరుతుంది. పిల్లలు లేని ఇంటివాళ్లు కూడా మీ ఊయలకు తమ వాటా ఇచ్చారు. వాళ్లు కనిపిస్తే నమస్కారం పెట్టండి.

ఒకప్పుడు తోటలంటే రాజులవి, గొప్పవాళ్లవి. గేటు బయట నిలబడి చూడటమే మిగతావాళ్ల పని. ఇంగ్లండ్‌లో బర్కెన్‌హెడ్ అనే ఊరు బురదనేల కొని, అందులో చాలాభాగం అందరికీ పార్కుగా ఉంచి, చుట్టూ ఉన్న స్థలాలు ఇళ్లకు అమ్మి ఖర్చు రాబట్టుకుంది. 1847లో ఆ పార్కు తెరిచారు. మూడేళ్లకు అమెరికా నుంచి ఒల్మ్‌స్టెడ్ అనే యువకుడు వచ్చి చూశాడు. పేదవాళ్లు కూడా అందరితో సమానంగా అక్కడ తిరగడం చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ఒకడు.

పెద్ద ఊళ్ల సంగతి సరే. చిన్న ఊళ్లో ఇళ్లు తక్కువ, కాబట్టి పన్నూ తక్కువే. వచ్చిన దాంట్లో మంచినీళ్ల పైపులు, రోడ్లు, వీధిదీపాలు పోగా పార్కు వంతు వచ్చేసరికి డబ్బా ఖాళీ. అందుకే చిన్న ఊళ్లకు పైనుంచి సాయం కావాలి. ఆ సాయం ఎలా వస్తుందో ఒక సైకిల్ కథలో చెబుతాను.

ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలు కలిసి ఒక సైకిల్ అడిగారనుకోండి. నాన్న అంటాడు: "సగం మీరు కూడబెట్టండి, సగం నేను వేస్తాను." న్యాయమైన మాటే. కానీ ముందు మీరే ఎలాగోలా మొత్తం డబ్బు కట్టి సైకిల్ కొనుక్కురావాలి, బిల్లు చూపించాక తన సగం ఇస్తానంటాడు. చేతిలో ఏమీ లేని పిల్లలు ఏం చేస్తారు? షాపు గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తారు.

అమెరికాలో ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ అని, అంటే నేలనూ నీళ్లనూ కాపాడేందుకు, ఒక ప్రభుత్వ నిధి ఉంది. 1964లో చట్టం చేశారు. ఊళ్ల పార్కులకు అది ఇచ్చే డబ్బు అచ్చం ఈ సైకిల్ లెక్కే. సగం నిధి, సగం ఊరు. ముందు ఖర్చు పెట్టి, రశీదులు చూపించి, తర్వాత తీసుకోవాలి. డబ్బు లేని ఊరికి ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఎవరైనా దానంగా ఇచ్చిన స్థలం, సామాను, జనం ఉచితంగా చేసిన పని, వీటికి కూడా విలువ కట్టి ఊరి సగంలో కలుపుకోవచ్చు. సైకిల్‌కి డబ్బు చాలని పిల్లవాడు "నాన్నా, నా ఒళ్లు వంచి పనిచేస్తాను, దాన్ని లెక్కలో వేసుకో" అన్నట్టు. నాకు ఈ నియమం చాలా ఇష్టం. అయినా అర్జీ రాయాలి, మ్యాపులు గీయించాలి, లెక్కలు పెట్టాలి. ఆఫీసులో ఒక్క గుమాస్తా ఉన్న ఊరికి ఇవన్నీ కొండంత పని. అవసరం ఎక్కువున్న ఊరు వెనకబడి, అర్జీ బాగా రాయగల ఊరు ముందుకెళ్లడం నాకు సరైన పద్ధతిలా కనిపించదు.

కొలరాడో రాష్ట్రంలో ఇంకో దారి ఉంది. అక్కడ లాటరీ మీద వచ్చే లాభంలో 40 శాతం జనాభాను బట్టి ఊళ్లకూ, మన జిల్లాల్లాంటి కౌంటీలకూ పార్కుల కోసం పంచుతారు. పోటీ అర్జీలు అక్కర్లేదు. లాటరీలు కొనమని మీకు ఎప్పుడూ చెప్పను గానీ, పంచే తీరు మాత్రం చిన్న ఊరికి మేలు చేసేదే.

మళ్లీ సైకిల్ దగ్గరికి రండి. సైకిల్ వచ్చింది. ఇక గాలి ఎవరు కొట్టాలి? చైనుకి నూనె ఎవరు వేయాలి? నాన్న ఇచ్చే సగం కొనడానికే. రోజువారీ ఖర్చు మీదే. ఆ నిధి కూడా అంతే. పార్కు కట్టడానికి ఇస్తుంది, నడపడానికి ఇవ్వదు. గడ్డి కోయడం, చెత్త ఎత్తడం, కుళాయి బాగుచేయడం ఏటా ఊరి బడ్జెట్‌లోంచే జరగాలి. పార్కులు పాడుబడేది ఇక్కడే. ప్రారంభోత్సవం రోజు అందరూ వస్తారు. పదేళ్ల తర్వాత ఊయల గొలుసు మార్చడానికి నిధులు అడిగితే ఎవరూ పలకరు.

ఈ సైకిల్‌కి ఇంకో షరతు ఉంది, అమ్మకూడదు. ఆ నిధితో కొన్నా, బాగుచేసినా ఆ స్థలం ఎప్పటికీ ఆటలకూ విహారానికీ ఉండాల్సిందే. తప్పనిసరై వేరే పనికి వాడితే, అంతే విలువైన, అంతే పనికొచ్చే మరో స్థలం ఇవ్వాలి.

ఈ షరతు విలువ నాకు బాగా తెలుసు. నా చిన్నప్పుడు మేం ఆడుకున్న స్థలానికి గోడ లేదు, బోర్డు లేదు. బడి వదలగానే సంచులు చెట్టు మొదట్లో పడేసి చీకటి పడేదాకా అక్కడే ఉండేవాళ్లం. ఎవరిదని అడగలేదు, అందరిదీ అనుకున్నాం. ఒక ఏడాది వేసవి సెలవులయ్యాక వెళ్తే హద్దురాళ్లు పాతి ఉన్నాయి. తర్వాత గోడ లేచింది. మా కంటే చిన్నపిల్లలు ఆ గోడ పక్కన రోడ్డు మీద, బళ్లు వస్తే పక్కకి తప్పుకుంటూ ఆడుకున్నారు. పిల్లలదని కాగితం మీద రాసి ఉంటే ఆ గోడ లేచేది కాదు. అందుకే చట్టాలంటే విసుగనుకోకండి. కొన్ని చట్టాలు మీ ఆటస్థలానికి కాపలా కాస్తాయి.

అన్నట్టు, ఆ నిధికి డబ్బు ఎక్కడిదో చెప్పలేదు కదూ! ఎక్కువభాగం సముద్రం అడుగున తీసే చమురు, గ్యాస్ మీద వచ్చే సొమ్ములోంచి. భూమి నుంచి ఒక సంపద తీసుకుంటున్నాం కాబట్టి కొంత తిరిగి నేలకే, నీళ్లకే ఇవ్వాలన్నది ఆలోచన. ఏళ్ల తరబడి అందులో చాలా సొమ్ము వేరే పనులకు మళ్లింది. 2020లో కొత్త చట్టం వచ్చాక ఏటా 90 కోట్ల డాలర్లు నిధికి అందాల్సిందే అయింది. చిన్న ఊళ్ల పార్కులకు దక్కేది అందులో ఒక ముక్కే. ఆ లెక్కంతా ఇప్పుడు మీకెందుకు గానీ, కోట్ల ఏళ్లు సముద్రం కింద ఉన్న చమురు, ఎక్కడో కొండ పక్క ఊళ్లో ఒక పాప ఊగే ఊయల అయిందంటే ఎంత వింత!

ఇక మీకో పని. పార్కుకి వెళ్లినప్పుడు ఊగే ముందు తల పైకెత్తి ఊయల కొక్కెం చూడండి. గొలుసు వేలాడే చోట ఇనుము ఇనుముతో రాసుకుని తళతళలాడుతూ ఉంటుంది. ఆ మెరిసేచోట సన్నబడి, గాడి పడిందేమో గమనించండి. తర్వాత కింద చూడండి. మీ కాళ్లు తన్నీ తన్నీ ఇసుక చెదిరి గుంట పడి గట్టినేల తేలిందంటే, పడినవాళ్లకు దెబ్బ గట్టిగా తగులుతుంది. కొక్కెం అరిగితే ఊగొద్దు. రెండూ ఒక కాగితం మీద బొమ్మ గీసి, తేదీ వేసి, మీ ఊరి ఆఫీసులో ఇచ్చి రండి, అమ్మనో నాన్ననో తోడు తీసుకెళ్లండి. పార్కు బాగోగులకు ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత పెట్టారో కూడా అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి.

మీ తాతయ్య