సీసం కన్నా దట్టమైన వాయుగోళం

వేరే నక్షత్రం చుట్టూ తిరిగే టీఓఐ-4603బి అనే గ్రహం సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 14 గ్రాములు. సీసానికే 11.3 గ్రాములు, మన గురుగ్రహానికైతే 1.33 మాత్రమే. ఈ లెక్క వినగానే అదంతా ఏ ఇనుప ముద్దో అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్, హీలియం. అన్నిటికన్నా తేలికైన వాయువులే!

మరి అంత సాంద్రత ఎక్కడిది? దాని సొంత బరువు వల్లే వచ్చింది. సుమారు 12.9 గురుగ్రహాల పదార్థం, గురుడికన్నా కాస్త పెద్దదైన గోళంలో ఇరుక్కుని ఉంది. విడి పత్తిని ప్రెస్‌లో వేసి బేలు కట్టినట్టు, పై పొరలు లోపలి వాయువును అణిచేశాయి. ఇంత పెద్ద గ్రహాలకు ఇంకా పదార్థం చేర్చినా సైజు అంతగా పెరగదు, సాంద్రతే పెరుగుతుంది. నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే. అక్కడి మేఘాల ఎత్తులో గురుత్వం భూమి మీదకన్నా 30 రెట్లు. ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 1,800 కిలోలు తూగుతాడు.

ఈ బరువును తూచింది మనవాళ్లే. గ్రహం అడ్డు వచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు వెయ్యింట ఒకటిన్నర వంతు తగ్గడాన్ని నాసా టెస్ ఉపగ్రహం పసిగట్టింది. దాంతో సైజు తెలిసింది. అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) శాస్త్రవేత్తలు మౌంట్ అబూలోని 1.2 మీటర్ల టెలిస్కోపుకు అమర్చిన పారస్ పరికరంతో, గ్రహం లాగడం వల్ల నక్షత్రంలో వచ్చే ఊగిసలాటను కొలిచారు. లాగుడు ఎంత ఎక్కువైతే గ్రహం అంత బరువన్నమాట. గురుడు సూర్యుణ్ణి సెకనుకు 12 మీటర్ల వేగంతో కదిలిస్తే, ఈ గ్రహం తన నక్షత్రాన్ని దాదాపు కిలోమీటరు వేగంతో ఊపుతోంది. ఫలితం 2023లో వెలువడింది.

బరువు 13 గురుగ్రహాలు దాటితే లోపల డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) మండడం, అంటే దాని కేంద్రకాలు కలిసిపోవడం మొదలవుతుంది. గ్రహానికీ నక్షత్రానికీ మధ్యస్థంగా ఉండే అలాంటివాటిని గోధుమ మరుగుజ్జులు (బ్రౌన్ డ్వార్ఫ్‌లు) అంటారు. ఇది సరిగ్గా ఆ గట్టు మీదే ఉంది.

ఏడుంపావు రోజులకే ఒక చుట్టు పూర్తి. భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో పదో వంతు కూడా లేదు కాబట్టి వేడి సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్. ఇంత దగ్గర కక్ష్యలు చాలావరకు గుండ్రంగా ఉంటాయి. దీనిది మాత్రం కోలగా ఉంది. దూరంగా పుట్టి, మరో భారీ వస్తువు ప్రభావంతో లోపలికి వచ్చి ఉంటుందనడానికి అదో ఆధారం. నక్షత్రపు ఆటుపోట్ల బలం (గ్రహం దగ్గరి వైపును ఎక్కువగా, దూరపు వైపును తక్కువగా లాగే తేడా) ఆ కక్ష్యను గుండ్రం చేసే పని ఇంకా పూర్తికాలేదు.