నవలతో చరిత్ర పాఠం: అపోహలు - వాస్తవాలు

అపోహ: నవల కల్పన కనుక చరిత్ర తరగతిలో దానికి చోటు లేదు.

వాస్తవం: నవలలోని సంఘటనలు జరిగి ఉండకపోవచ్చు గాని, అది రాసిన కాలంలో జనం దేనిని నమ్మేవారో, దేనికి జంకేవారో అందులో తెలుస్తుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడటం మొదలైంది. కథ మన ధవళేశ్వరంలోనే ఆరంభమవుతుంది. బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు మోసపోయిన ఘట్టాన్ని తొమ్మిదో తరగతి పిల్లల చేత చదివించి, ‘ఇది జరిగిందా?’ అని కాక, ‘ఈ సంగతి రాయవలసిన అవసరం ఆ రచయితకు ఎందుకు కలిగింది?’ అని అడుగుతాను. ఆ జవాబు నవల ఒక్కదానిలో దొరకదు కనుక పిల్లలు రెండో పుస్తకం తెరవక తప్పదు.

అపోహ: నవల చెప్పేది కథ, చరిత్ర గ్రంథం చెప్పేది నిజం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ అపోహే. అదే 1878లో, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా గురించి ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆర్థర్ కాటన్ చేపట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి అప్పటికి పాతికేళ్లు దాటింది. ఒకే ఏడాది, ఒకే నదీతీరం. అయినా అధికారి జిల్లాను పరిపాలన వైపు నుంచి చూస్తాడు, సంస్కర్త ఇంటి లోపలి నుంచి చూస్తాడు. మోరిస్ గ్రంథం నుంచి ఒక అరపేజీని తెలుగు చేసి నవల పక్కన పెడితే, ఎవరు, ఎవరి కోసం, ఏం చూసి రాశారో పిల్లలే పోల్చుకుంటారు. కాలువలు తవ్విన కూలీల మాట వారి నోటి నుంచి ఈ రెండింటిలో ఎక్కడైనా వినబడుతోందా అని నేను తప్పకుండా అడుగుతాను.

ఆత్మకథకూ ఇదే పరీక్ష పెట్టాలి. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. భర్త మరణించాడన్న వార్త విన్న రాజశేఖరుడి కూతురు రుక్మిణి దుఃఖాన్ని నవలలో చదివాక, ఆ ఉద్యమం గురించి ఆయన తన ‘స్వీయ చరిత్రము’లో చెప్పుకున్న భాగాన్ని చదివిస్తే, ఉద్యమకారుడు తన పక్షాన్ని తానే వినిపిస్తున్నాడన్న ఎరుకతో పిల్లలు చదవడం నేర్చుకుంటారు.

అపోహ: పాత గ్రాంథిక భాష పిల్లలకు కొరుకుడు పడదు.

వాస్తవం: మొత్తం పుస్తకం చేతికిస్తే నిజంగానే పడదు. ఒక పుట చాలు. ముందు ఉపాధ్యాయుడు సంధులు విడదీసి పైకి చదవాలి.

అపోహ: సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: సంఘ సంస్కరణోద్యమాల పాఠం ఎలాగూ చెప్పవలసిందే కనుక, తెలుగు, సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులు పక్కపక్క పీరియడ్లు సర్దుకుంటే అదనపు సమయం పెద్దగా పట్టదు. నవలంతా తరగతిలోనే పూర్తి చేయాలని పట్టుబడితే మాత్రం వెనకబడక తప్పదు. తక్కిన ప్రకరణాలు కావాలన్న పిల్లలకు బడి గ్రంథాలయంలోని ప్రతిని ఇంటికి ఇచ్చి పంపడం మేలు.