వలయాల పిల్ల, చారల పెద్ద

బెర్లిన్‌లో వైద్యం చేస్తూ చేపల మీద గ్రంథాలు రాసిన మార్కస్ బ్లాఖ్ 1787లో ఒక చేపను వర్ణించి, దాని ఠీవికి తగ్గట్టు ‘ఇంపరేటర్’, అంటే చక్రవర్తి, అని నామకరణం చేశారు. ఆయన మరణానంతరం జర్మన్ పండితుడు ష్నైడర్ పూర్తిచేసి 1801లో వెలువరించిన మరో గ్రంథంలో నికోబార్ దీవుల పేరుతో ఇంకొక చేప చోటు చేసుకుంది. నిజానికి ఆ రెండూ ఒకటే. రెండోది మొదటిదాని పిల్ల. ఆ శాస్త్రవేత్తలను తప్పుపట్టలేము, ఎందుకంటే తల్లినీ పిల్లనూ పక్కపక్కన పెట్టి చూపినా చుట్టరికం పోల్చుకోవడం కష్టం.

ఇప్పుడు ఎంపరర్ ఏంజెల్‌ఫిష్ అని పిలిచే ఈ చేప ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా తీరాల నుంచి పసిఫిక్ దీవుల దాకా పగడపు దిబ్బల్లో బతుకుతుంది. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల నీళ్లలో కనిపిస్తుంది. పెద్ద చేప సుమారు 40 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పక్కల నుంచి నొక్కినట్టుండే నీలిరంగు శరీరంపై సన్నని పసుపు చారలు తోకవైపు సాగుతాయి. తోక పూర్తిగా పసుపు. కళ్ల మీదుగా గంతలు కట్టినట్టు నల్లని పట్టీ, దాని అంచున మెరిసే నీలిగీత ఉంటాయి. మొప్పల మూత దగ్గర వెనక్కి తిరిగిన బలమైన ముల్లు ఏంజెల్‌ఫిష్‌లన్నింటికీ ఉండే గుర్తు. పసిఫిక్ చేపలకు వీపు మీది వాజం చివర సన్నని పోగులా సాగుతుంది, హిందూ మహాసముద్రంలోని వాటికి గుండ్రంగా ముగుస్తుంది.

పిల్ల రూపం పూర్తిగా వేరు. నలుపుకు దగ్గరైన ముదురు నీలం ఒంటిపై తెలుపు, లేతనీలం వలయాలు తోక మొదలు దగ్గర కేంద్రంగా ఒకదాని చుట్టూ ఒకటి అమరి, అడ్డంగా కోసిన ఉల్లిపాయ చక్రాన్ని తలపిస్తాయి. ఈ తేడాకు ఎక్కువగా చెప్పే కారణం సరిహద్దు తగాదాలు. పెద్ద చేప తన మేతస్థలంలోకి తనలాంటిది మరొకటి వస్తే తరిమికొడుతుంది. వేరే వేషంలో ఉన్న పిల్లను పోటీదారుగా లెక్కచేయదు.

సంధ్యవేళ ఆడ, మగ జతగా నీటిలో పైకి లేచి గుడ్లనూ వీర్యాన్నీ విడుస్తాయి. ఆ గుడ్లకు కాపలా ఉండదు. అవి తేలుతూ దాదాపు ఒక రోజులోనే పొదుగుతాయి. గుడ్ల నుంచి వచ్చిన డింభకాలు (చిట్టి పిల్లలు) కొన్ని వారాలు ప్లవకాలతో, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవులతో, కలిసి కొట్టుకుపోయి, చివరకు ఏదో ఒక దిబ్బ మీద స్థిరపడతాయి. పిల్లలు రాతి అంచుల కింద, బొరియల్లో ఒంటరిగా తిరుగుతూ ఇతర చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తింటాయి. కొంచెం పెద్దవయ్యాక దిబ్బకు సముద్రంవైపు ఉన్న గుహల్లోకి మారతాయి. పెద్దవాటి ప్రధాన ఆహారం స్పంజికలు, అంటే రాళ్లను అంటిపెట్టుకుని బతికే స్పాంజి జీవులు. అక్వేరియంలో ఈ చేపను బతికించడం కష్టం కావడానికి ఈ తిండి అలవాటు ఒక ముఖ్య కారణం.

వలయాలు చారలయ్యేందుకు రెండేళ్లకు పైగా పట్టవచ్చు. వలయాలు మధ్యలో తెగి, వంకరపోయి, క్రమంగా అడ్డంగా పరుచుకుంటాయి. ఈ నడిమి దశ చేప అందంగా ఉండదనే చెప్పాలి. అయితే శాస్త్రవేత్తలను ఎక్కువగా ఆకర్షించినది పూర్తిగా ఎదిగిన చేప చారలే. జీబ్రా పెరిగితే దాని చారలు కూడా వెడల్పవుతాయి, సంఖ్య మారదు. ఈ చేపలో అలా జరగదు. ఒళ్లు పెరిగేకొద్దీ చారల మధ్య దూరం దాదాపు అంతే ఉండి, వాటి సంఖ్య పెరుగుతుంది.

ఆ కొత్త చారలు ఎలా వస్తాయో జపాన్ శాస్త్రవేత్తలు షిగేరు కొండో, రిహితో అసాయి తొట్టిలో చేపలను పెంచి నెలల తరబడి ఫొటోలు తీసి గమనించారు. ఒక చార రెండుగా చీలే చోటు ఉంటుంది. ఆ చీలిక జిప్పు తెరుచుకున్నట్టు ఒంటి వెంట జరుగుతూ పోతుంది, దాని వెనక ఒక చారకు బదులు రెండు మిగులుతాయి. 1995లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వారి వ్యాసం ఈ కదలికను బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో ప్రతిపాదించిన గణితంతో సరిపోల్చింది. తనను తాను పెంచుకునే ఒక పదార్థం, దానికంటే వేగంగా వ్యాపిస్తూ దాన్ని అణచివేసే మరో పదార్థం ఉంటే చాలు, ఏ ముందస్తు పటమూ లేకుండా సమాన దూరాల్లో చారలు ఏర్పడతాయన్నది ఆ గణితం సారం. మధ్యలో ఖాళీ పెరిగితే అణచివేత అక్కడికి చాలదు, కొత్త చార పుడుతుంది. కొండో, అసాయి కంప్యూటర్‌లో ఆ సమీకరణాలను నడిపించినప్పుడు చీలికలు అచ్చం తొట్టిలోని చేప మీద కదిలినట్టే కదిలాయి.