గేర్‌బాక్స్‌లో వెన్న

"సార్, ఇవి పాలు కాదు, మా ట్రాక్టర్ గేర్ ఆయిలు. ఎందుకిట్లయింది?" అంటూ చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి నా పాత విద్యార్థి ఒకడు ఫోన్‌లో ఫొటో పంపాడు. ప్లాస్టిక్ బకెట్‌లో చిక్కటి కాఫీ రంగు ద్రవం, అంచు వెంట తెల్లటి మీగడ. కార్తీకంలో పట్టిన వానలకు బండి వారం రోజులు చింతచెట్టు కింద తడిసిందట. ఫొటో చూశాక నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. ఆదివారం పొద్దున్నే తిరుపతిలో బస్సెక్కాను.

బండి వాళ్ల నాయన కొన్నది, ఫెర్గూసన్ వంశానిది. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ పేరు మీద 1946లో టీఈ20 ట్రాక్టర్ వచ్చింది. వెనక మూడు చేతులు, ఆయిల్ ఒత్తిడితో లేచే లిఫ్ట్ దాని గొప్ప. మద్రాసులో 1960లో మొదలైన టాఫె అనే ట్రాక్టర్ల కంపెనీ ఆ వంశాన్ని మన చేలల్లోకి తెచ్చింది. ఈ పాత బండ్లలో గేర్లు, వెనక ఇరుసు, లిఫ్ట్ పంపు అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. మొత్తం సుమారు 30 లీటర్లు. ఒకచోట చేరిన చెడు అన్నిచోట్లకూ తిరుగుతుంది.

నేను వెళ్లేసరికి బానెట్‌కు నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కట్టి ఉన్నాయి. వాళ్ల అవ్వ కట్టింది. పక్కూరాయన కన్ను పడిందని ఆమె నమ్మకం. దిష్టి తీసినందుకు నాకు అభ్యంతరం లేదు. దిష్టి తీసి ఊరుకుని, అదే ఆయిల్‌తో బండి నడుపుతారేమోనని భయం.

ఆయిల్ పసుపు, నీళ్లకు రంగే లేదు. రెండూ కలిస్తే తెలుపు ఎక్కడిది? నీళ్లు ఆయిల్‌లో కరగవు. గేర్ల పళ్లు చిలికిన కొద్దీ కంటికి ఆనని చుక్కలై చెదిరిపోతాయి. వెలుగు నీళ్లలో ఒకలా వంగుతుంది, ఆయిల్‌లో మరోలా వంగుతుంది. వక్రీభవన గుణకం నీళ్లకు 1.33, ఆయిల్‌కు దాదాపు 1.48. లోపలికి పోయిన వెలుగు కోట్ల చుక్కల అంచుల దగ్గర వంగి, చెదిరి, అన్ని రంగులూ కలిసే బయటికొస్తుంది. అన్ని రంగులూ కలిస్తే మన కంటికి తెలుపు. పాలు తెల్లగా ఉండటానికి కూడా చాలావరకు ఇదే కారణం. అక్కడ నీళ్లలో కొవ్వు చుక్కలు తేలుతుంటాయి.

అసలు సొగసు ఇక్కడుంది. పాలలో నీళ్లు ఎక్కువ, కొవ్వు చుక్కలు తక్కువ. గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎక్కువ, నీటి చుక్కలు తక్కువ. కాబట్టి ఇది పాలకంటే వెన్నకు దగ్గరి చుట్టం. కవ్వంతో చిలికేటప్పుడు జరిగేది తిరగబడటమే. కొవ్వు చుక్కల మీది పల్చటి పొరలు చిట్లి, చుక్కలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఇప్పుడు కొవ్వే ఇల్లు, నీళ్లు అందులో చుక్కలుగా చిక్కుకున్న చుట్టాలు. అంగట్లో అమ్మే వెన్నలోనూ ఆరోవంతుకు దగ్గరగా నీళ్లుంటాయి. వెన్న కరిగించి నెయ్యి కాచేటప్పుడు వినిపించే చిటపట ఆ నీళ్లదే.

మెకానిక్కులు ఆయిల్‌లో నీళ్లున్నాయో లేదో చూసే పద్ధతి కూడా ఇదే. పెనం 150 డిగ్రీల దాకా వేడి చేసి చుక్క వేస్తారు. నీళ్లు లేని ఆయిల్ చప్పుడు లేకుండా పరుచుకుంటుంది. నీళ్లుంటే ఆ చుక్కలు ఒక్కసారిగా ఆవిరై పగులుతాయి. మేం పెరట్లో కట్టెల పొయ్యి మీద పాత పెనం పెట్టాం. ఆయిల్ చిమ్ముతుంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, దూరంగా నిలబడి, పొడుగాటి గరిటెతో ఒక్క చుక్క వదిలాను. చిటపటమంది. అంతవరకు గడప మీద కూర్చున్న అవ్వ లేచొచ్చి, "వెన్న కాస్తే ఇట్లే గదప్పా అంటాది. దాంట్లో నీళ్లుండాయి" అంది.

ఆ మాటకు నా ఒళ్లు పులకరించింది. ఇలా ఒక ద్రవంలో మరో ద్రవం కరగకుండా చుక్కలుగా చెదిరి ఉంటే దాన్ని ఎమల్షన్ అంటారు. మన బడుల్లో ఆ మాటను బోర్డు మీద రాసి, నిర్వచనం బట్టీ పట్టిస్తాం. ప్రతి ఇంటి పొయ్యి మీదా ఉన్న వెన్నగిన్నెను తరగతిలోకి తేవాలి కదా!

ఆ నీళ్లు అడుక్కి దిగిపోవా అని నా శిష్యుడు అడిగాడు. కొన్ని దిగుతాయి. 1851లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం చుక్క దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. చల్లటి గేర్ ఆయిల్ చిక్కదనం నీళ్లకు 250 రెట్లు అనుకుని లెక్క వేశాను. మిల్లీమీటరులో పదోవంతు చుక్క గంటకు 8, 9 మిల్లీమీటర్లు దిగుతుంది. తెల్లారేసరికి అడుక్కి చేరొచ్చు. మిల్లీమీటరులో వెయ్యోవంతు చుక్క పదివేల రెట్లు నెమ్మది. ఒక్క సెంటీమీటరు దిగడానికి ఏడాది దాటుతుంది. ఆయిల్‌లో కలిపే కొన్ని రసాయనాలు చుక్కలను కలవనివ్వవు కూడా.

ఇంతకూ నీళ్లుంటే ఏమవుతుంది? తుప్పు సంగతి అందరికీ తెలిసిందే. నాకు పంపు సంగతే ముఖ్యం. ఫెర్గూసన్ పంపులో కంట్రోల్ వాల్వు ఆయిల్ పీల్చే వైపు ఉంటుంది. వాల్వు దారి మూసే కొద్దీ పీల్చే చోట ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కొండెక్కితే గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ ముందే మరుగుతాయి. హార్స్‌లీ హిల్స్ మీద 96 డిగ్రీలు చాలు. ఒత్తిడి వాతావరణంలో మూడోవంతుకు పడితే దాదాపు 72 డిగ్రీలకే మరుగుతాయి. రోజంతా దున్నిన బండి ఆయిల్ ఆ వేడికి చేరువలో ఉంటుంది. నీటి చుక్క పంపు నోట్లో ఆవిరి బుడగవుతుంది, పిస్టన్ నొక్కగానే చిట్లుతుంది. ఆ దెబ్బకు ఇనుము మీద గుంటలు పడతాయి. పైగా బుడగలు నలుగుతాయి, ఆయిల్ నలగదు. బుడగలున్నప్పుడు లిఫ్ట్ వణుకుతూ లేస్తుంది. వాళ్ల కల్టివేటర్ నెల నుంచి అలాగే వణుకుతోందట.

మర్నాడు పొద్దున్నే, బండి కదిలించకముందే, అడుగు ప్లగ్గు కొంచెం వదులు చేశాం. ముందు చెంబెడు నీళ్లు వచ్చాయి. ప్లగ్గు బిగించి, బండిని ఊరవతలిదాకా తిప్పి వేడి చేసి, లిఫ్ట్ చేతులు కిందికి దించి, మొత్తం వదిలాం. ఒక్క ప్లగ్గు విప్పితే సరిపోదు. గేర్‌బాక్స్ కిందా, వెనక హౌసింగ్ కిందా వేరువేరుగా విప్పాలి. పంపు జాలీకి అంటిన జిగురు బురదను డీజిల్‌తో కడిగాం. కొత్త ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి. గంధకం గట్టిగా పనిచేసే కొన్ని గేర్ ఆయిల్స్ ఇత్తడి, కంచు బుష్‌లను తినేస్తాయి. వదిలిన ఆయిల్‌ను కాలవలో పోయకుండా డబ్బాలకెత్తి ఆయిల్ కొనేవాళ్లకిచ్చాం.

నీళ్లు దూరిన చోటు కూడా దొరికింది. గేర్ రాడ్డు మొదట్లో రబ్బరు తొడుగు చీలి ఉంది, వేలు పట్టేంత. వాన అక్కడి నుంచే దిగింది. కొత్త తొడుగు వేశాం. అవ్వ కట్టిన నిమ్మకాయల జోలికి పోలేదు.

రెండు వారాల తర్వాత శిష్యుడు పెనం మీద చుక్క వేసి వీడియో పంపాడు. మూడు చిన్న చిటపటలు. మూలల్లో మిగిలిన పాత ఆయిల్ కొత్తదాన్నీ తడిపింది. మరోసారి మార్చాడు. ఈసారి వీడియోలో చుక్క అలాగే పరుచుకుని, సన్నటి పొగ లేచింది. వెనక నుంచి అవ్వ గొంతు: "నెయ్యి కాగిందిలే, దించెయ్."